ఉద్యోగార్థులగు విద్యార్థులకు దారిచూపుట: మన ప్రాంతమున దాని పూర్వచరిత్ర

సంస్కృతమున ఉద్యోగమనగా ప్రయత్నము, పూనిక అని అర్థము. మహాభారతమునందలి ఉద్యోగపర్వము పాండవులు కొలువులు సంపాదించుకొనిన కథ కాదు; రాయబారములును యుద్ధసన్నాహమును అందలి విషయములు. మేము ఈ సంగతిని పదవతరగతిలో వివరించుచుండగా వెనుకబల్లనుండి ఒక బాలుడు లేచి, “సార్, వాళ్లు కొలువులు చేసింది విరాటపర్వంలో గదా, మరి దాని తర్వాతి పర్వానికి ఉద్యోగపర్వమని పేరు పెట్టినారెందుకు?” అని అడిగెను. తరగతి యంతయు నవ్వినది. మేము మాత్రము నవ్వలేకపోతిమి. ఆనాటి మా పాఠముకంటె ఆ బాలుని ప్రశ్నయే మేలైనది.

ఏలయనగా విరాటపర్వారంభమున ధర్మరాజు తమ్ములను ఒక్కొక్కరిని పిలిచి, నీవు ఏ పనిచేసి ఈ యేడాది గడపగలవని యడుగును. భీముడు వంటశాలను, అర్జునుడు నాట్యశాలను, నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు పశువులను ఎంచుకొనిరి. ద్రౌపది సైరంధ్రియయ్యెను. ఎవరి చేతికి వచ్చిన విద్య వారికి కూడుపెట్టినది గాని, అయిదుగురును కలసి విరాటుని మంత్రిపదవికే దరఖాస్తు పెట్టలేదు. నేడు మన బాలురలో నూటికి తొంబదిమంది ఒకే పదవికి దరఖాస్తు పెట్టుచున్నారు. ధర్మరాజు అడిగిన ప్రశ్నను వారిని అడుగువారు లేరు. ఈ ప్రశ్నను మన దేశమున, విశేషించి మన హైదరాబాదు ప్రాంతమున, ఎవరెవరు ఎప్పుడెప్పుడు అడిగిరో ఈ వ్యాసమున కొంత తెలుపదలచితిమి. సంచికా సంపాదకులు మమ్ము కులచరిత్ర వ్రాయుమనిరి. ఇదియు కులచరిత్రలో భాగమేయని మనవిచేసి వారిని ఒప్పించితిమి.

మా నివాసము కొత్వాల్‌గూడ. శంషాబాదునకు సమీపమున, హిమాయత్ సాగరపు గట్టున నున్న గ్రామము. మూసీనదికి 1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చిన మహాప్రళయము వలన నగరము పాడైన పిదప, వరదను అరికట్టుటకును నగరమునకు నీరిచ్చుటకును రెండు జలాశయములను నిర్మించిరి. అందు ఈసీనదిపై కట్టిన హిమాయత్ సాగరము 1927లో పూర్తియైనది. ఈ నిర్మాణములతో పేరు ముడివడియున్న నవాబు అలీనవాజ్ జంగు బహదూరు నైజాము ప్రభుత్వపు విద్యార్థివేతనముతో ఇంగ్లండునకు పోయి ఇంజనీరింగు చదివి వచ్చినవాడు. ఒక యువకుని ఏ చదువునకు పంపవలెనో తెలిసిన పెద్దలు ఆనాడుండిరి. వారు పంపిన యువకుని పనివలన నేటికిని మన నగరము నీరు త్రాగుచున్నది. మేము ప్రాతఃకాలమున గట్టుమీద నడచునపుడెల్ల ఈ మాట తలపునకు వచ్చును.

ఆ జలాశయమే మా యూరిబ్రతుకును మార్చినది. జలాశయములు కలుషితములు కాకుండ 1996లో వెలువడిన 111వ నంబరు ప్రభుత్వోత్తర్వు వాటి చుట్టును పది కిలోమీటర్ల మేర పరిశ్రమలను, పెద్దకట్టడములను నిషేధించెను. నీటికది మేలే, కాదనము. కాని ఊరిచెంత కర్మాగారము లేకపోవుటచే సేద్యము విడిచిన కుటుంబముల బాలురకు చదువొక్కటే తెరువైనది. తరువాత 2008 మార్చిలో శంషాబాదున అంతర్జాతీయ విమానాశ్రయము తెరువబడెను. సుమారు అయిదువేల అయిదువందల యెకరముల భూమి. దానిచుట్టు బాహ్యవలయ రహదారి. మా పెరటినుండి విమానముల దీపములు కనబడును. ఆ దీపముల క్రింద ఏయే పనులున్నవో, ఆ పనులకు ఏయే చదువులు కావలయునో మాత్రము మా వీధిలో ఎవరికిని తెలియకుండెను. మాకును తెలియదు. దానివలన కలిగిన నష్టమును ముందు చెప్పుదుము.

పూర్వము సంగతి చూతము. నైజాము రాజ్యమున పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున పారసీకము పోయి ఉర్దూ రాజభాష యయ్యెను. తెలుగుబిడ్డకు కొలువు కావలెనన్న ముందు ఉర్దూ రావలయును. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు ఉర్దూయే. దేశభాషలో ఉన్నతవిద్య గరపుట గొప్ప సాహసమే యైనను, పల్లెనుండి వచ్చిన తెలుగు విద్యార్థికి అది పరభాషయే గదా. నగరమున అతనికి బస లేదు, అన్నము లేదు, ఏ కచేరిలో ఏ ఖాళీ యున్నదో చెప్పు దిక్కు లేదు. 1919లో ముల్కీ నిబంధనలు వచ్చినవి. రాజ్యములో పుట్టినవారికి కొలువులలో మొదటి హక్కని యవి పలికెను. హక్కు కాగితముమీద నుండెను. ఖాళీవార్త మాత్రము ఉద్యోగుల ఇండ్లలో నుండెను.

ఈ లోపమును కొంత తీర్చినవి కులవసతిగృహములు. ఈ మాటను కొందరు విద్యావంతులు చిన్నచూపుతో పలుకుదురు. చరిత్ర తెలిసినవారు అట్లు పలుకజాలరు. మా యూరిపేరులోని కొత్వాల్ శబ్దమునకు నగర రక్షకాధికారి యని యర్థము. (గ్రామనామమునకును ఇప్పుడు చెప్పబోవు వారికిని సంబంధము కల్పించుట మా యుద్దేశము కాదు, పదమే జ్ఞాపకము చేసినది.) పోలీసుశాఖలో అమీనుగా చేరి, అంచెలంచెలుగా ఎదిగి, 1920 మొదలు 1934 వరకు హైదరాబాదు కొత్వాలు పదవి నిర్వహించిన రాజాబహద్దూరు వేంకటరామారెడ్డిగారు 1918లో రెడ్డి హాస్టలును నెలకొల్పిరి. సంస్థానాధీశుల, దేశముఖుల విరాళములతో అది నడచెను. గోలకొండ పత్రికను 1926లో స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఆ వసతిగృహమునకు కొంతకాలము పర్యవేక్షకులుగా నుండిరి. ఇతర కులముల బాలురకును అందు చోటు దొరకెను. క్రమముగా వైశ్యులు, మున్నూరుకాపులు, గౌడులు మున్నగువారును నగరమున తమ తమ విద్యార్థిగృహములు కట్టుకొనిరి. అన్నిటికంటె కష్టమైన పని భాగ్యరెడ్డివర్మగారిది. 1911లో మాన్యసంఘమును స్థాపించి, బడిమెట్టు ఎక్కనీయని బాలురకు తెలుగుబడులు పెట్టిన మహనీయుడాయన. ఇతరులు వసతిగృహములతో మొదలుపెట్టగలిగిరి. ఆయన అక్షరముతో మొదలుపెట్టవలసివచ్చెను.

ఈ గృహములయందు వృత్తిమార్గదర్శనమను పేరుతో ఒక శాఖ యుండెడిదని మేము చెప్పుట లేదు. జరిగినది వేరు. భోజనపంక్తిలో న్యాయశాస్త్రము చదువువాడొకడు, వైద్యము చదువువాడొకడు, నిన్ననే తహసీలు కచేరిలో చేరినవాడొకడు కూర్చుండును. కొత్తగా వచ్చిన పదునారేండ్ల బాలుడు వారిమాటలు వినుచు అన్నము తినును. ఏ పరీక్షకు ఏ నెలలో దరఖాస్తు పెట్టవలెను, ఏ పుస్తకము చదువవలెను, ఏ యధికారి ఎట్టి ప్రశ్న లడుగును అను సంగతులు పప్పుతోపాటు వడ్డింపబడుచుండెను. కులవసతిగృహములు చేసిన మేలులో సగము గదులవలన, సగము ఈ పంక్తివలన కలిగినదని మా నిశ్చయము. 1901లో నగరమున స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమువంటి గ్రంథాలయముల మెట్లును ఇట్టి పంక్తులే.

ఇతరదేశములందు ఈ పనికి శాస్త్రరూపము కలిగినది. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున 1892లోను, కేంబ్రిడ్జిలో 1902లోను పట్టభద్రులకు ఉద్యోగములు చూపు మండలు లేర్పడెను. అమెరికాయందు బోస్టను నగరమున ఫ్రాంక్ పార్సన్స్ అను నాతడు 1908 జనవరిలో వృత్తిసలహా కార్యాలయమును తెరచి, వచ్చిన యువకుని ముందు తన్ను తాను ఎరుగుమని, పిదప పనుల స్వభావమును ఎరుగుమని, తుదకు రెంటిని సరిపోల్చి తర్కించుమని బోధించెను. ఆతడు ఆ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన మరణించెను. రెండు దినములకు మన మూసీ పొంగెను. ఆతని గ్రంథము మరుసటి యేడు వెలువడినది. ఈనాటి సలహాదారులు రంగురంగుల పటములతో చెప్పునదంతయు ఆ మూడు మాటల విస్తరమే. ధర్మరాజు అడిగినది అందు మొదటిది.

మనదేశమున విద్యావంతుల నిరుద్యోగమును గూర్చి సంయుక్తరాష్ట్ర ప్రభుత్వము సప్రూ సంఘమును నియమింపగా, 1935లో దాని నివేదిక వెలువడినది. 1938లో కలకత్తా విశ్వవిద్యాలయపు అనువర్తిత మనశ్శాస్త్రశాఖలో వృత్తిమార్గదర్శన విభాగము ప్రారంభమయ్యెను. 1947లో బొంబాయియందలి పార్సీ పంచాయతీ తమ సమాజపు బాలబాలికలకై వృత్తిమార్గదర్శన కార్యాలయమును స్థాపించెను. సోదరులు ఈ వాక్యమును మరల చదువగోరుచున్నాము. సంఖ్యలో అత్యల్పమైన యొక సమాజము, స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరముననే, మన సంఘమువంటి సంస్థద్వారా ఈ పని చేసినది.

ప్రభుత్వము మార్గము వేరు. రెండవ ప్రపంచయుద్ధము ముగియునపుడు సేననుండి విడుదలయగు సిపాయిలకు పనులు చూపుటకై 1945లో ఉపాధి కార్యాలయములు వెలసెను. తరువాత వానిని అందరికిని తెరచిరి. శివరావు సంఘపు సలహాననుసరించి 1956 నవంబరు 1వ తేదీనుండి వాని నిర్వహణము రాష్ట్రములకు సంక్రమించెను. ఆ దినముననే ఆంధ్రప్రదేశమును దాని సర్వీసు కమీషనును పుట్టినవి. విశ్వవిద్యాలయములలో ఉపాధి సమాచార మార్గదర్శన కేంద్రము లేర్పడెను. ఉస్మానియాలోను అట్టి కేంద్రము కలదు. 1959 నాటి చట్టము ఇరువదియైదుగురికి తక్కువగాని పనివారున్న ప్రైవేటు సంస్థలు సైతము ఖాళీలను తెలుపవలెనని శాసించెను. అయితే చట్టములోని కిటుకొకటి గమనింపదగినది: ఖాళీని తెలుపుట విధి గాని, ఆ కార్యాలయము పంపినవారినే తీసికొనుట విధి కాదు. తలుపు తెరువుమన్నారు, లోనికి రమ్మనుమని చెప్పలేదు.

మా పేరు మేము 1981లో నమోదు చేయించుకొంటిమి. ఆ పచ్చని కార్డును రేకుపెట్టెలో భగవద్గీత ప్రతిలో దాచి, మూడేండ్ల కొకమారు పునర్నమోదు చేయించుటకై ఆర్టీసీ బస్సెక్కి పోవుచుంటిమి. గీతను తెరచుటకంటె కార్డును చూచుటకే పుస్తకమును ఎక్కువమారులు తీసితిమని ఒప్పుకొనవలయును. తుదకు మేము భాషాపండితుడుగా చేరిన మూడవ సంవత్సరమున ఆ కార్యాలయమునుండి పిలుపుటుత్తరము వచ్చినది. కృష్ణాజిల్లా ఎక్సైజుశాఖకు సంబంధించిన వ్యాజ్యములో 1996లో సర్వోన్నత న్యాయస్థానము ఉపాధి కార్యాలయపు పట్టికలతోపాటు పత్రికలలోను ప్రకటన ఇచ్చి అర్హులందరిని పరిగణింపవలెనని తీర్పు చెప్పెను. అది న్యాయమైన తీర్పు. కార్డు మహిమ అంతటితో తగ్గెను. కాని కార్డుతో క్యూలో నిలిచినవానికి తన వంతు రాగలదను భ్రమయైన నుండెడిది. ప్రకటనలయుగమున ప్రకటన చూడనివానికి ఆ భ్రమయు లేదు.

కొలువుల తగవు మన ప్రాంతపు రాజకీయమునకు ఎంత మూలమైనదో సభ్యు లెరుగుదురు. 1952 నాటి ముల్కీ ఆందోళనము, 1956 ఫిబ్రవరిలోని పెద్దమనుషుల ఒప్పందము, 1969 నాటి విద్యార్థుల ఉద్యమము, 1973 నాటి ఆరుసూత్రముల పథకము, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, చివరకు నీళ్లు, నిధులు, నియామకములను మూడు మాటలతో సాగి 2014లో సిద్ధించిన రాష్ట్రము. ఇన్నింటను అడుగబడినది, కొలువులు ఎవరికి చెందవలెనని. ఏ బాలుడు ఏ కొలువునకు తగుననునది ఎవరును అడుగలేదు. ఉద్యమములు ఆ పనిచేయవు. అది ఇండ్లలో, బడులలో, సంఘములలో జరుగవలసినది.

ఇప్పుడు మా తప్పు చెప్పవలయును. 2007 వేసవిలో మా పూర్వవిద్యార్థి, మన కులపు బిడ్డయే, భౌతికశాస్త్రము, గణితము ప్రధానముగా బి.యస్సీ. మొదటితరగతిలో ఉత్తీర్ణుడై మాయింటికి వచ్చెను. విమానాశ్రయము రానున్నది, అందు ఏదో శిక్షణకు పిలుచుచున్నారు, పోవలెనా యని యడిగెను. మేము అరుగుమీద కూర్చుండి, “సామాన్లు మోసే కొలువుకు నీ చదువెందుకు నాయనా? గ్రూపు పరీక్షలు రాసుకో” అంటిమి. ఆ శిక్షణ ఏమిటని యొక్క ప్రశ్నయైనను వేయలేదు. అతడు మా మాట వేదముగా గ్రహించి అశోకనగరులో గది తీసికొనెను. పగలు చిక్కడపల్లి గ్రంథాలయమున, రాత్రి దీపము క్రింద ఆరేండ్లు చదివెను. ఒకమారు రెండు మార్కులతో తప్పినది. పిదప ప్రకటనలే రాలేదు. తండ్రి ఉన్న యెకరమున్నరలో సగము అమ్మెను. వయఃపరిమితి దాటినది. నేడతడు శంషాబాదులో జిరాక్సుకొట్టు నడుపుచున్నాడు. ఈ వ్యాసమునకు వలసిన పాతకాగితములకు నకళ్లు తీసి యిచ్చినవాడు అతడే. డబ్బు తీసికొనలేదు. “మీ దగ్గర తీసుకుంటానా సార్” అనెను.

అతని చదువునకు తగిన కొలువు ఆ దీపముల క్రిందనే యుండెను. విమానముల రాకపోకలను గోపురమునుండి నడపు అధికారులను భారత విమానాశ్రయ ప్రాధికారసంస్థ పోటీపరీక్షద్వారా ఎన్నుకొనును. భౌతికశాస్త్రము, గణితము చదివిన బి.యస్సీ. పట్టభద్రులును అందుకు అర్హులే. విమానముల మరమ్మతు ఇంజనీరుకు కావలసిన శిక్షణలో ఇంటరుతోనే చేరవచ్చును. ఈ సంగతులు మేము తెలిసికొనునప్పటికి అతనికి ముప్పదియైదేండ్లు.

అతని తరువాతివారి స్థితి ఇంకను కఠినము. రాష్ట్రము వచ్చినపిదప మొదటి గ్రూపు-1 ప్రకటన 2022లో వెలువడెను. అక్టోబరు 16వ తేదీన ప్రాథమిక పరీక్ష జరిగెను. ప్రశ్నపత్రములు బయటపడినవని 2023 మార్చిలో అది రద్దయ్యెను. జూను 11వ తేదీన మరల జరిపిరి. సెప్టెంబరులో ఉన్నతన్యాయస్థానము దానిని రద్దుచేసెను. 2024 ఫిబ్రవరిలో క్రొత్త ప్రకటన, జూను 9వ తేదీన మూడవమారు ప్రాథమిక పరీక్ష. ఒక్క మెట్టును మూడుమారులు ఎక్కిన బాలబాలికలు మా యెరుకలో పలువురు కలరు. తప్పెవరిదను విచారణ మా వ్యాసవిషయము కాదు. ఆ రెండేండ్లును వారికి రెండవ దారి చేతిలో లేకపోవుట మాత్రము మన విషయము. ఈ దినములలో సమాచారమునకు కొదవ లేదు: 2015లో వచ్చిన జాతీయ వృత్తిసేవ యున్నది, టీశాటు పాఠములున్నవి, నైపుణ్య శిక్షణకు టాస్కు సంస్థ యున్నది, వెనుకబడిన తరగతులకును షెడ్యూల్డు కులములకును ప్రభుత్వ స్టడీసర్కిళ్లున్నవి, చేతిలో ఫోనున్నది. అన్నియు నుండియు, నీవు దేనికి తగుదువని యెదురుగా కూర్చుండి యడుగు మనిషి లేడు. పంక్తి పోయినది. గదిలో ఒంటరిగా తినువానికి ఎవడు వడ్డించును?

మహాసభవారి ముందున్న తీర్మానములలో కల్యాణమండపమునకు రెండవ అంతస్తు వేయు ప్రస్తావము కలదని వింటిమి. దాతల యౌదార్యమునకు నమస్కరించుచునే మా భిన్నాభిప్రాయమును మనవిచేసికొనుచున్నాము. మండపమువలన అద్దె వచ్చును, నిజమే. ఆ యద్దెలో కొంత భాగమునే మేము కోరుచున్నాము. మన వసతిగృహమున ముందరి గది యొకటి, వారమునకు రెండు సాయంకాలములు కూర్చుండు ఉద్యోగవిరమణ చేసినవారు ఇద్దరు, ఒక కంప్యూటరు, ప్రకటనలు అంటించు పలక, ఒక చిట్టా. చిట్టాలో విద్యార్థులపేరులు కాదు. మన సమాజమున ఏ కొలువులోనున్నను, నర్సు మొదలు న్యాయవాది వరకు, లారీ నడపువాడు మొదలు ఇంజనీరు వరకు, తన పనిని గూర్చి ఒక విద్యార్థికి అరగంట చెప్పుటకు ఒప్పుకొన్నవారి పేరులు. ఇతరకులముల పిల్లలు వచ్చినను కూర్చుండబెట్టవలెను. 1918లోనే పెద్దలు చేసిన పనిని మనమిప్పుడు చేయక మానరాదు.

ఈ చిట్టాను మేము గత జూనులో కొత్వాల్‌గూడలో మా యరుగుమీదనే ప్రారంభించితిమి. ఇప్పటికి నలువదియొక్క పేరులు చేరినవి. అందు మొదటిపేరు జిరాక్సుకొట్టు యజమానిది. పోటీపరీక్షలకు ఎట్లు చదువవలెనో, ఎప్పుడు మానవలెనో రెండును తాను చెప్పగలనని స్వహస్తముతో వ్రాసెను. మహాసభ జరుగు రెండు దినములును ఆ చిట్టా భోజనశాల ద్వారముచెంత బల్లమీద నుండును. కలమును కట్టియే యుంచెదము. సభ్యులు విస్తరివద్దకు పోవుటకు ముందు తమ పేరు, పని, దొరకు వేళ వ్రాసిపోవ ప్రార్థన.